పదిహేడు ముడుల గుడ్డ

ఆయన పేరు రాయను. పళ్ళెం పక్కన మనిషిని పేరు పెట్టి పిలవొద్దని ఆయనే చెప్పాడు. ఆ పళ్ళెం ఇప్పుడు నా బల్ల మీదే ఉంది.

పోయిన నెల కరీంనగర్ నుంచి బస్సు పార్శిల్‌లో వచ్చింది. సిమెంటు సంచిలో చుట్టి, సుతిలితో కట్టారు. విప్పకముందే చేతికి తెలిసిపోయింది. టేకు చెక్కను తొలిచి చేసిన పళ్ళెం అది. అంచున ఒకచోట బొటనవేలు ఆనించి ఆనించి పడ్డ గుంట ఉంటుంది. పద్దెనిమిదేళ్ళ కింద చూసిన గుంట. పార్శిల్ రావడానికి ముందు రోజు ఆయన బిడ్డ ఫోన్ చేసింది.

"మా అబ్బా పోయిండు మేడం. నలభై దినాలైంది. పళ్ళెం మీకు ఇయ్యమన్నడు. ఖాళీ పళ్ళెం పంపొద్దు, గుడ్డ అండ్లనే పెట్టి పంపు అన్నడు. పెట్టిన."

"ఏం గుడ్డమ్మా?"

"నాకు ఎరుక లేదు. ముడులున్నయి. మేం విప్పలే."

నేనూ వారం దాకా విప్పలేదు. రాళ్ళ రసాయనం చదువుకుని, అదే పనిలో తల నెరిసినదాన్ని, చెక్క పళ్ళేనికి జంకానంటే నవ్వుతారు. నవ్వండి. పద్దెనిమిదేళ్ళుగా అది నీళ్ళ మొహం చూడలేదని ఆయన బిడ్డ చెప్పింది. అయినా దాని పక్కన కూర్చుంటే తడిసిన వాగు వాసన వచ్చేది. ఇంట్లో ఇంకెవరికీ రాలేదు.

ఆయన వాళ్ళు తరతరాలుగా మట్టి కడిగేవాళ్ళు. కరీంనగర్‌లో బంగారం, వెండి పనిచేసే అంగళ్ళ ముందు ఊడ్చిన దుమ్మును తీసుకుపోయి, నీళ్ళలో కడిగి, అందులో రాలిన రవ్వలు ఏరుకుంటారు. ఆ ఏడు చలికాలంలో మా సర్వే బృందం ఇచ్చోడ దగ్గర గుడారాలు వేసింది. వాగుల ఇసుక కడిగి, అడుగున మిగిలే బరువైన గింజలు పట్టడం మా పని. మేము తర్ఫీదు ఇచ్చి తెచ్చుకున్న కూలీలు ఇసుకతో పాటు అసలు గింజలనూ వాగులో కలిపేస్తున్నారు. మా పెద్దసారు విసిగిపోయి కరీంనగర్ వెళ్ళి ఈయన్ని జీపులో ఎక్కించుకొచ్చాడు. అప్పుడే అరవై దాటినట్టున్నాడు. బక్క మనిషి, మోకాళ్ళ పైకి మడిచిన లుంగీ, నడుముకు ఒక పాత గుడ్డ.

ఆయన కడుగుతుంటే చూడాలి. మడమల లోతు నీళ్ళలో గొంతుక్కూర్చునేవాడు. మా కూలీల్లాగా పళ్ళేన్ని గిరగిరా తిప్పడు. పసిపిల్లను జోకొట్టినట్టు ఊపుతాడు. తేలిక ఇసుక దానంతటదే అంచు దాటి వెళ్ళిపోతుంది. చివరికి చెంచాడు నల్ల ఇసుక మిగులుతుంది. మొదలుపెట్టే ముందు మాత్రం మాకు వీపు తిప్పి, బిస్మిల్లా అని, పళ్ళెంలో చెయ్యి పెట్టేవాడు. ప్రార్థన అనుకుని నేను మొహం అటు తిప్పుకునేదాన్ని. ఒకరి దేవుడి దగ్గరికి తొంగి చూడొద్దని మా అవ్వ నేర్పిన మర్యాద. ఆ మర్యాదే నా కొంప ముంచింది.

కడగడం అయ్యాక పళ్ళేన్ని ఎడమ చెవి దగ్గరికి తెచ్చుకుని, కింది నుంచి వేలితో ఒక్కసారి కొట్టేవాడు. కళ్ళు మూసుకుని వినేవాడు. ఆ తర్వాత ఆ నల్ల ఇసుకలో చిటికెడు తీసి నడుము గుడ్డకు ముడి వేసుకుంటూ మెల్లగా చెప్పేవాడు.

"ముగ్గురు."

భూతద్దం పెట్టి నల్ల ఇసుకలో వెతికితే, ఆవగింజలంత ఎర్ర గింజలు సరిగ్గా మూడు ఉండేవి. ఇద్దరు అంటే రెండు. నలుగురు అంటే నాలుగు. మొదటి నాలుగు రోజులు నవ్వుకున్నాం. తర్వాత మా డ్రైవరు ఆయన పక్కన కూర్చుని అన్నం తినడం మానేశాడు.

"మనుషులను లెక్కపెట్టినట్టు లెక్కపెడ్తవేంది చాచా?" అని అడిగాను.

"మరి సామాను అనుకున్నవా బిడ్డా? గంత దూరం నుంచి వచ్చినోళ్ళను సామాను అంటరా?"

నాకు ఆ పళ్ళెంలో ఏమీ వినపడేది కాదు. మా బాపు మరమగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు, దాని గోడకు ఆనుకునే మా ఇల్లు. ఆ చప్పుడులో పుట్టి పెరిగినవాళ్ళంతా నాలాగే గట్టిగా మాట్లాడతారు, తక్కువ వింటారు. వినపడట్లేదు చాచా అంటే, "వినకుంటెనే మంచిది, ఫికర్ చెయ్యకు" అనేవాడు.

ఆయనకు కొన్ని నియమాలుండేవి. నీడ పళ్ళెంలో పడకూడదు. పడితే నేల కింద ఉన్న కిందోళ్ళకు పైకి తోవ దొరుకుతుందట. అందుకని నీడ కాళ్ళ కిందికి వచ్చే మిట్ట మధ్యాహ్నమే కడిగేవాడు. ఒకసారి మా డ్రైవరు ఒడ్డు మీది నుంచి నన్ను పేరు పెట్టి కేకేశాడు. ఈయన గబుక్కున రెండు చేతులతో పళ్ళేన్ని కప్పేశాడు.

"పేరు పెట్టి పిలువకుండ్రి ఈడ. కిందోళ్ళకు పేరు ఎరుకైతే వాళ్ళు గూడ పిలుస్తరు. నువ్వు ఆఁ అంటవు. ఇగ అంతే."

ఆ రోజు సామాను సర్దుకుని ఒడ్డు ఎక్కుతుంటే వెనక నుంచి ఎవరో నన్ను పిలిచారు. పూర్తి పేరు, మా బాపు పిలిచే తీరులో. డ్రైవరే ఆటపట్టిస్తున్నాడనుకుని జీపు దగ్గరికి పోయి చూస్తే, వాడు స్టీరింగు మీద తల పెట్టి గురక పెడుతున్నాడు. నేను పలకలేదు. ఎవరు పిలిచారో ఈ రోజుకీ తెలియదు.

ఆ గింజలేమిటో చెప్పాలి. కరీంనగర్ చుట్టూ గుట్టల రాళ్ళలో గోమేధికం జాతి ఎర్ర గింజలు బోలెడు దొరుకుతాయి. అవి గోధుమ ఎరుపు, ఇక్కడివే. మేము వెతికేది వాటి దూరపు చుట్టాలను. అల్లనేరేడు పండు తిన్నాక నాలుక మీద మిగిలే రంగు వాటిది. పాత ఖండాల కింద, నేల లోలోపల, కరగకుండా కదలకుండా ఉండిపోయిన ఒక చల్లని రాతి వేరు ఉంటుంది. ఆ గింజలు పుట్టేది అక్కడ. వాటిలో క్రోమియం ఎంత, కాల్షియం ఎంత అని కొలిస్తే ఎంత లోతున పుట్టాయో, ఆ చోటు ఎంత చల్లగా ఉండేదో చెప్పొచ్చు. ఎప్పుడో ఒక గొట్టం లాంటి పగులు గుండా ఎగదన్నుకుని పైకి వస్తాయి. ఆ గొట్టం ఎక్కడుందో కనిపెడితే నా పరిశోధన గట్టెక్కుతుంది, నా ఉద్యోగం నిలబడుతుంది. నా పంతమంతా అదే.

ఇదంతా ఒక మధ్యాహ్నం జొన్నరొట్టె తింటూ ఆయనకు చెప్పాను. అంతా విని అడిగాడు.

"ఎంత లోతు బిడ్డా?"

"కరీంనగర్ నుంచి హైదరాబాద్ ఎంత దూరమో, అంత కిందికి."

"ఎన్ని దినాలు పట్టింది వచ్చుటానికి?"

"దినాలు కాదు చాచా. గంటలల్ల వస్తయంటరు."

రొట్టె ముక్క చేతిలోనే పెట్టుకుని కాసేపు వాగు వైపు చూశాడు. "ఎవరన్న తరిమితెనే మనిషి అట్ల ఉరుకుతడు," అన్నాడు. ఇంకాసేపటికి, "వాళ్ళ ఇల్లు ఇంక ఉన్నదా కింద?" అన్నాడు.

నిజానికి అది మా శాఖలో పెద్దవాళ్ళు కొట్లాడుకునే ప్రశ్న. ఆ రాతి వేరు అడుగు భాగం తర్వాతి కాలంలో అరిగి ఊడిపోయిందని కొందరంటారు. అదే చెప్పాను. ఇప్పుడు లేకపోవచ్చు చాచా, ఆ గింజలే మిగిలినయేమో అన్నాను.

"అయితే ఇగ వాపస్ పోయే జాగ లేదు," అన్నాడు. "తిరుగుతుంటరు పాపం."

రొట్టె మిగతాది నీళ్ళలో వదిలేశాడు. నేను వాగుకు దూరంగా జరిగి కూర్చున్నాను. ఎండ నెత్తి మీద మండుతోంది.

ఆ చలికాలమంతా ఆయన ఒక్కసారే తప్పాడు. ఖానాపూర్ అవతల ఒక చిన్న వాగు దగ్గర, పళ్ళెం చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నాడు. మళ్ళీ కొట్టి, మళ్ళీ విన్నాడు. "ముగ్గురు," అన్నాడు. "గీ మూడోడు ఎవడో కొత్తోడు." నేను ఎంత వెతికినా రెండే దొరికాయి. ఏం చాచా, నీకూ మగ్గాల చెవుడు వచ్చిందా అని ఆటపట్టించాను. ఆయన నవ్వలేదు. నడుము గుడ్డ సవరించుకుని దూరంగా వెళ్ళి కూర్చున్నాడు. మర్నాటి నుంచి కొత్త గుడ్డ కట్టుకున్నాడు. దాని మీద కూడా ఏదో హాస్యమాడినట్టు గుర్తు.

ప్రయోగశాలలో ఫలితాలు వచ్చినప్పుడు నేను నేల మీద నడవలేదు. దాదాపు కడిగిన ప్రతి వాగులో లోతు గింజలే. మ్యాపు మీద ఎర్ర చుక్కలు పెట్టుకుంటూ పోతే ఇచ్చోడ నుంచి ఖానాపూర్ దాకా నిండిపోయింది. పాత లావా గడ్డకట్టిన నల్లరాయి మందంగా కప్పేసిన చోట కూడా చుక్కలున్నాయి. అక్కడ ఉండటానికి వీల్లేదు. పెద్దసారు తల గోక్కున్నాడు కానీ సంతోషపడ్డాడు. నాకు మాత్రం రెండో వారం నుంచి నిద్ర పట్టలేదు. ఏ వాగుదైనా ఒకటే క్రోమియం, ఒకటే కాల్షియం. ఒక్క ఇంట్లో, ఒక్క గదిలో పుట్టినట్టున్నాయి.

ఒక మధ్యాహ్నం సూక్ష్మదర్శిని కింద, ఇచ్చోడ దగ్గర దొరికిన ఒక విరిగిన గింజ, ఖానాపూర్ దగ్గర దొరికిన మరో విరిగిన గింజ పక్కపక్కన పెట్టాను. సూదితో జరుపుతుంటే రెండూ అతుక్కున్నాయి. సందు లేకుండా, విరిగిన పలక విరిగిన పలకకు కూర్చుంది. మధ్యలో అన్ని కొండలు, అంత అడవి. ఒకే గింజ అంత దూరాన రెండు వాగుల్లో ఎలా ఉంటుంది? రెండు రోజుల పాటు ఆయన మాటలన్నీ నిజమే అనుకున్నాను. వాళ్ళు తిరుగుతుంటారని నమ్మేశాను.

మూడో రోజు బుద్ధి తెచ్చుకుని కరీంనగర్ బస్సెక్కాను. ఆయన ఇంటి ముందు మట్టి కడుగుతున్నాడు. నన్ను చూసి మొహం విప్పారింది. పళ్ళెంలో ముందే గింజలు వేస్తున్నావా అని నేను సూటిగా అడిగాను. ఆయన సూటిగానే చెప్పాడు, దాచాల్సింది ఏముందన్నట్టు.

"ఖాళీ పళ్ళెం నీళ్ళల ముంచొద్దు బిడ్డా. పాలకు తోడు లేకుంటె పెరుగు అయితదా? మా దాదా కాలం నుంచి ఎర్రోళ్ళు మా గుడ్డల ఉన్నరు. ఏ వాగోళ్ళో ఎరుక లేదు. ఇద్దరినో నలుగురినో ఏస్త. వాళ్ళను చూసి లోపలోళ్ళు వస్తరు. ఏసినోళ్ళను వాపస్ తీసుకోవద్దు. కొత్త ఇసుకల నుంచి చిటికెడు గుడ్డల కట్టుకోవాలె. ఇది దీన్ కాదు, నమాజు కాదు, మా పని."

సంఖ్య ఎందుకు తప్పేవాడు కాదో అప్పుడు అర్థమైంది. వేసినవాడికి ఎన్ని వేశాడో తెలియదా? చలికాలమంతా నేను ఏరుకున్నది ఆయన తాత దాచిన గుప్పెడు గింజలు.

"దగా చేసినవు చాచా," అన్నాను. మగ్గాల పక్కన పెరిగిన గొంతు. వీధి వీధంతా విన్నది.

ఆయన తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "అందరు మావోళ్ళే కాదు బిడ్డా. జర ఆగు, ఒకడు కొత్తోడు..."

"చాలు చాచా," అని వచ్చేశాను.

రిపోర్టులో రాయాల్సింది రాశాను. నమూనాలు కల్తీ అయ్యాయని, మట్టి కడిగిన మనిషే చేశాడని. మా పని మూతపడింది, నన్ను వేరే ప్రాజెక్టుకు మార్చారు, అంతే. ఆయనకు జరిగింది వేరు. బంగారం అంగళ్ళ వీధిలో కల్తీ అనే మాట ఒక్కసారి పడితే మనిషి లేచి నిలబడలేడు. ఆ తర్వాత ఏ అంగడివాళ్ళూ ఆయనకు దుమ్ము ఇవ్వలేదట. పళ్ళెం గోడకు ఆనించి, గొడుగులు, తాళాలు బాగుచేసుకుంటూ బతికాడు. ఇది నాకు చాలా ఏళ్ళకు తెలిసింది.

అంతకుముందే తెలిసినది ఇంకొకటుంది. ఆ ఎండాకాలం ఇంటికి పోతే, బాపు పక్క కార్ఖానాలో మగ్గం మీద పాత పోగుల కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతుకుతున్నాడు. చిన్నప్పటి నుంచి చూసిన పనే. ఆ పాతవి కోసిపారేసి కొత్తగా మొదలుపెట్టొచ్చు కదా బాపూ అన్నాను. "ఖాళీ మగ్గం మీద ఎవడు మొదలువెడ్తడు? నీకేమన్న పిచ్చా?" అన్నాడు. నేను మంచినీళ్ళ చెంబు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. అప్పటికప్పుడు కరీంనగర్ పోయి ఆయన కాళ్ళు పట్టుకోవాల్సింది. పోలేదు. సిగ్గు అడ్డొచ్చింది, ఆ తర్వాత సిగ్గుకు అలవాటు పడ్డాను.

వారం తర్వాత గుడ్డ విప్పాను. ఒక్కో వాగుకు ఒక్కో ముడి వేయడం నేను చూసిందే, ఆయనకు రాత రాదు. లెక్కపెట్టాను. పదిహేడు. నా పాత నోటుపుస్తకం తీసి చూస్తే పదిహేడో వాగు ఖానాపూర్ అవతలిది, ఆయన ముగ్గురు అన్న రోజుది. చివరి ముడి మిగతావాటి కంటే లావుగా ఉంది. సూదితో విప్పాను. చిటికెడు నల్ల ఇసుక, అందులో ఒకే ఒక్క గింజ.

తాత గింజలు అరిగి నున్నగా ఉండేవి. దీనికి తోలు ఉంది. లోతు నుంచి వచ్చే గింజకు చుట్టూ ముదురు రంగు తోలు ఉంటుంది. వాగులో దొర్లితే అది ఊడిపోతుంది. తోలుతో దొరికిందంటే బయటపడ్డ చోటు దగ్గరే అని అర్థం. ఒక పక్క సానపట్టించి పరీక్ష చేయించాను. వేరే క్రోమియం, వేరే కాల్షియం. తాత గింజల కంటే ఇంకా లోతు, ఇంకా చల్లని ఇల్లు. ఆయన చెవి తప్పలేదు. కొత్తోడు వచ్చాడు. తన ఆచారం ప్రకారం తీసుకున్న చిటికెడులో గుడ్డలోకి పోయాడు. ఆ మాట చెప్పబోతే నేనే నోరు మూయించాను. పరీక్ష ఫలితాల కాగితాన్ని చేతిలో పట్టుకుని ఏడ్చాను.

పోయిన ఆదివారం ఆయన బిడ్డను తీసుకుని ఖానాపూర్ పోయాను. పదిహేడో వాగు అట్లాగే ఉంది, ఒడ్డున పత్తి చేను. మధ్యాహ్నం దాకా ఆగి, నీడ కాళ్ళ కిందికి వచ్చాక పళ్ళెం తీశాను. నా చదువు ప్రకారం శుభ్రంగా కడిగిన ఖాళీ పళ్ళెంతో మొదలుపెట్టాను. మూడుసార్లు కడిగాను. ఏమీ రాలేదు. ఒడ్డున కూర్చున్న ఆయన బిడ్డ మెల్లగా అంది.

"ఖాళీ పళ్ళెంల ఎవరొస్తరు మేడం?"

నా శాఖలో ఇది నేరం. సానపట్టిన ఆ గింజను తీసి పళ్ళెంలో వేశాను. వీపు తిప్పలేదు, ఆమెకు కనిపించేట్టే వేశాను. వాగు ఇసుక పోసుకుని, ఆయన ఊపినట్టు ఊపాను. నల్ల ఇసుక మిగిలాక ఎడమ చెవి దగ్గరికి తెచ్చుకుని వేలితో కొట్టాను. విన్నాను.

"ఇద్దరు," అన్నాను.

భూతద్దం తీసి చూశాను. ఒకదానికి సానపట్టిన చదును ఉంది. రెండోది చెక్కుచెదరని తోలుతో, నల్ల ఇసుకలో ముడుచుకుని ఉంది.

రెండోదాన్ని సంచిలో వేసి లేబుల్ రాశాను. జిల్లా, వాగు, తారీఖు. చివరి గడిలో కడిగినవారి పేరు రాయాలి. అక్కడ ఆయన పేరు రాశాను, ఇంటిపేరుతో సహా, అచ్చం రిజిస్టర్‌లో ఉన్నట్టు. రేపు ఈ సంచి ఏ ఆఫీసులో తిరిగినా ఆ పేరుతోనే తిరుగుతుంది. లేబుల్‌ను ఆయన బిడ్డ చేతికిచ్చాను. ఆమె దాన్ని రెండుసార్లు చూసుకుంది. కళ్ళు తుడుచుకుని, ఆ సంతోషంలో పేరు పైకి చదివేసింది.

పళ్ళెం ఇంకా నా ఒళ్ళోనే ఉంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆమె వంగి రెండు చేతులతో పళ్ళేన్ని కప్పేసింది, వాళ్ళ అబ్బా లాగే. వాగులో ఎవరూ లేరు. అవతలి ఒడ్డున పత్తి చేలోనూ ఎవరూ లేరు. మరమగ్గాల పక్కన పెరిగిన చెవి నాది, పక్కనున్నవాళ్ళ మాటే సరిగా వినపడదు.

అయినా విన్నాను. ఆమె చేతుల కింద నుంచి ఆయన "ఆఁ" అన్నాడు.